ఛాతీ పెరగడానికి ఏ బెంచ్ ప్రెస్ చేయాలి? ఫ్లాట్, ఇంక్లైన్, డంబెల్స్, మెషిన్ మధ్య ఎంపిక

చెస్ట్ రోజు రాగానే చాలామంది కాళ్లు వాటంతటవే ఫ్లాట్ బెంచ్ వైపు, అంటే వెల్లకిలా పడుకుని ఛాతీ మీద నుంచి రాడ్‌ను పైకి తోసే సమతలమైన బల్ల వైపు నడుస్తాయి. నేనూ ఏడాదిన్నర పాటు అలాగే నడిచాను. రాడ్ మీద బరువు 40 కిలోల నుంచి 75 కిలోలకు చేరింది. చేతులు లావయ్యాయి, భుజం ముందుభాగం గుండ్రంగా వచ్చింది, ఛాతీ మాత్రం పెద్దగా మారలేదు. బరువు పెరుగుతోంది కాబట్టి కండ కూడా వెనకాలే వస్తుందనుకున్నాను. ఒకరోజు ప్రతి సెట్‌లో (ఆగకుండా వరసగా చేసే విడత) చివరి రెప్ (ఒకసారి దించి ఎత్తడం) ఎక్కడ ఆగుతోందో గమనించాను. రాడ్ ఛాతీ మీద నుంచి బాగానే లేస్తోంది, సగం దాటాక మోచేతులు చాపలేక ఆగిపోతోంది. అంటే నా సెట్లన్నీ ట్రైసెప్స్ (మోచేతిని చాపే, చేతి వెనక కండ) అలిసిపోవడంతోనే ముగుస్తున్నాయి. ఛాతీకి ఇంకా ఓపిక ఉండగానే రాడ్‌ను స్టాండ్ మీద పెట్టేస్తున్నాను.

ఇదే బెంచ్, ఇదే రాడ్‌తో ఛాతీ బ్రహ్మాండంగా పెరిగినవాళ్లు నా పక్కనే ఉన్నారు. ఒంటి నిర్మాణం, చేతుల పొడవు, భుజం పరిస్థితి ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటాయి. కాబట్టి అందరికీ పనికొచ్చే ఒకే రకం బెంచ్ ప్రెస్ చెప్పలేను. మీకు ఏది సరిపోతుందో తేల్చుకునే పద్ధతి మాత్రం చెప్పగలను.

## ముందు ఏం చూడాలి

ఛాతీలో ప్రధానమైన కండ పెక్టోరాలిస్ మేజర్. విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. పైభాగం పోగులు కాలర్ బోన్ దగ్గర, మిగతావి రొమ్ము మధ్య ఎముక, పక్కటెముకల దగ్గర మొదలై, అన్నీ కలిసి భుజానికి కాస్త కింద చేతి ఎముకకు అతుక్కుంటాయి. పక్కకు చాపిన చేతిని ఒంటి ముందుకు తీసుకురావడం దాని ముఖ్యమైన పని. పైభాగం పోగులు చేతిని ముందు నుంచి పైకి లేపడంలో కూడా సాయపడతాయి. తల వైపు బెంచ్ ఎత్తి పెట్టే ఇంక్లైన్‌లో అప్పర్ చెస్ట్‌కు (ఛాతీ పైభాగానికి) ఎక్కువ పని పడేది అందుకే.

ఈ సంగతి దృష్టిలో పెట్టుకుని ఏ రకాన్నయినా ఐదు ప్రశ్నలతో చూడండి.

మొదటిది, ఛాతీ బాగా సాగిన చోట బరువు దాని మీద ఉందా? రాడ్ కిందికి దిగినప్పుడే ఛాతీ సాగుతుంది. కండ పెరగడానికి ఆ కింది భాగం చాలా విలువైనది. సగం వరకే దించి తోసేవాళ్లు సరిగ్గా దాన్నే వదిలేసుకుంటున్నారు.

రెండోది, సెట్ చివర్లో ముందు చేతులెత్తేసేది ఏది? ఛాతీనా, ట్రైసెప్స్‌నా, భుజమా? నా మటుకు నాకు ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. దీన్ని పట్టించుకోకే ఏడాదిన్నర పోగొట్టుకున్నాను.

మూడోది, బరువును చిన్న చిన్న మెట్లలో పెంచుకునే వీలుందా? నాలుగోది, భుజం కీలు నొప్పి లేకుండా నెలల తరబడి చేయనిస్తుందా? ఐదోది, రెప్ మధ్యలో ఆగిపోతే బరువు కింద నుంచి బయటపడే దారి ఉందా?

## ఫ్లాట్ బార్‌బెల్: అందరికీ తెలిసింది, సగం మందికే కుదిరేది

దీనికున్న పెద్ద బలం బరువు పెంచడంలోని సౌలభ్యం. సాధారణ ఒలింపిక్ రాడ్ 20 కిలోలు. అటూ ఇటూ 1.25 కిలోల ప్లేట్ వేస్తే మొత్తం రెండున్నర కిలోలే పెరుగుతుంది. 60 కిలోలు ఎత్తేవారికి అది 4 శాతం చిల్లర. ఇంత సాఫీగా పెరిగే వ్యాయామాలు జిమ్‌లో తక్కువే.

ఛాతీకి ఎంత పని పడుతుందన్నది గ్రిప్ మీద చాలా ఆధారపడుతుంది. వెడల్పుగా పట్టుకుంటే మోచేతులు మడిచే దూరం తగ్గి ఛాతీ వాటా పెరుగుతుంది. దగ్గరగా పట్టుకుంటే ట్రైసెప్స్ వాటా పెరుగుతుంది. అలాగని మరీ వెడల్పుకు పోతే భుజం కీలు మీద భారం పడుతుంది. భుజాల వెడల్పుకు సుమారు ఒకటిన్నర రెట్లు చాలామందికి సరిపోతుంది. దాన్ని పట్టుకోవడానికి తేలిక గుర్తు ఒకటుంది: రాడ్ ఛాతీని తాకినప్పుడు పక్క నుంచి ఎవరైనా చూసినా, కాళ్ల వైపు నుంచి చూసినా మీ ముంజేతులు నిటారుగా ఉండాలి. పవర్‌లిఫ్టింగ్ రాడ్ మీద రెండు వైపులా కనిపించే రింగుల మధ్య దూరం 81 సెంటీమీటర్లు. పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో చూపుడు వేళ్లు దాటకూడని హద్దు అదే. ఛాతీ కోసం చేసేవారికి అంత దూరం వెళ్లాల్సిన అవసరం దాదాపు రాదు. చిటికెన వేలు రింగు మీదో, కాస్త లోపలో పెట్టి మొదలుపెట్టండి.

పడుకున్నాక రెక్క ఎముకలను వెనక్కి, కిందికి లాగి బెంచ్‌కు నొక్కిపెట్టండి. మోచేతులు ఒంటికి పూర్తిగా అడ్డంగా చాచొద్దు, పక్కటెముకలకు అతికించొద్దు, మధ్యస్థంగా ఉంచండి. రాడ్ చనుమొనల దగ్గర గానీ కాస్త కింద గానీ తాకాలి. అక్కడ ఒక్క సెకను ఆపి చూడండి. ఛాతీ మీద కొట్టి ఎగరేసే అలవాటున్నవాళ్లకు బరువు 10 కిలోలైనా తగ్గించుకోవాల్సి రావచ్చు. తగ్గించాక మిగిలిన బరువే ఇన్నాళ్లూ ఛాతీ నిజంగా మోస్తున్నది. నడుమును విల్లులా వంచి రాడ్ ప్రయాణాన్ని తగ్గించడం పోటీలో పనికొస్తుంది. కండ కోసం చేసేటప్పుడు సహజంగా వచ్చే చిన్న వంపు చాలు.

ఇక ప్రమాదం సంగతి. ఛాతీ కండ తెగే గాయాలు ఎక్కువగా జరిగేది బెంచ్ ప్రెస్‌లోనే, అదీ పెద్ద బరువును కిందికి దించే సమయంలో. 'టప్' మన్నట్టు అనిపించి చంక దగ్గర నొప్పి, కమిలిన రంగు కనిపిస్తే ఆ రోజే డాక్టర్‌కు చూపించండి. ఒంటరిగా చేసేటప్పుడు ర్యాక్‌లో సేఫ్టీ పిన్నులు తప్పనిసరి. ఖాళీ రాడ్‌తో ఎత్తు సరిచూసుకోండి. ఛాతీ పైకి పెట్టి దించినప్పుడు రాడ్ పిన్నులను తాకకూడదు, ఊపిరి వదిలి వీపును బెంచ్‌కు ఆనిస్తే పిన్నుల మీద కూర్చోవాలి. ఈ సర్దుబాటుకు రెండు నిమిషాలు పడుతుంది. బొటనవేలు రాడ్ చుట్టూ తిప్పకుండా పట్టుకునే పద్ధతిని ఎంత అనుభవమున్నా వదిలేయండి. అది జారితే పడేది మెడ మీదో ఛాతీ మీదో.

పొట్టి చేతులు, విశాలమైన ఛాతీ ఉన్నవాళ్లకు ఫ్లాట్ బార్‌బెల్ చక్కగా నప్పుతుంది. పొడుగు చేతులవాళ్లకు రాడ్ ఛాతీని తాకేసరికి మోచేతులు బెంచ్ కంటే బాగా కిందికి దిగిపోతాయి, భుజం ఇబ్బంది పెడుతుంది, పైన ట్రైసెప్స్ ముందు అలిసిపోతాయి.

## డంబెల్స్: ఛాతీకి దగ్గర దారి

నా ఛాతీ మారడం మొదలైంది వీటితోనే. రాడ్ పట్టుకున్నప్పుడు మనకు తెలియకుండానే చేతులను బయటి వైపుకు తోస్తుంటాం. రాడ్ కదలదు కాబట్టి ఆ తోపు మోచేతిని చాపడానికి పనికొస్తుంది, ట్రైసెప్స్ ఎక్కువ భారం తీసుకుంటాయి. డంబెల్‌ను అలా తోస్తే పక్కకు పోతుంది. దాన్ని లోపలికి పట్టి ఉంచాల్సిన పని ఛాతీ మీద పడుతుంది. పైగా మధ్యలో అడ్డంగా రాడ్ లేదు కాబట్టి ఇంకాస్త కిందికి దించవచ్చు, మణికట్టును భుజానికి హాయిగా ఉన్న కోణంలోకి తిప్పుకోవచ్చు.

ఎడమ చెయ్యి వెనకబడితే దాచుకోవడానికి వీలుండదు. రాడ్‌తో చేసినన్నాళ్లూ నా ఎడమ వైపు ఎంత బలహీనమో నాకు తెలియనే లేదు. డంబెల్స్ పట్టిన మొదటి రోజు కుడిది పైకి చేరిపోయింది, ఎడమది సగంలో వణుకుతోంది.

రెండు డంబెల్స్ బరువు కలిపినా రాడ్ మీద ఎత్తేదానికంటే సుమారు 15 నుంచి 20 శాతం తక్కువే వస్తుంది. దానికి బాధపడనక్కర్లేదు. అసలు ఇబ్బంది బరువు పెంచేటప్పుడు వస్తుంది. చేతికి 20 కిలోల నుంచి 22.5 కిలోలకు వెళ్తే ఒక్కసారే పన్నెండున్నర శాతం పెరిగినట్టు. 10 నుంచి 12.5 అయితే ఏకంగా 25 శాతం. కొత్తగా చేరినవాళ్లు, ముఖ్యంగా తక్కువ బరువుతో మొదలుపెట్టే ఆడవాళ్లు, ఇక్కడే నెలల తరబడి ఆగిపోతారు. దీనికి దారి రెప్స్ పెంచుకోవడమే. 20 కిలోలతో 8 రెప్స్ దగ్గర మొదలై 12, 13 దాకా వెళ్లాక 22.5 తీసుకుంటే మళ్లీ 8 దగ్గర నిలబడగలరు.

పెద్ద డంబెల్స్‌ను చేతుల్లోకి తెచ్చుకోవడం కూడా ఒక పనే. బెంచ్ అంచున కూర్చుని వాటిని మోకాళ్ల మీద నిలబెట్టండి. వెనక్కి వాలుతూ ఒక్కో మోకాలితో భుజం వైపు తన్నండి. దించేటప్పుడు మోకాళ్లు పైకి తెచ్చి, డంబెల్స్ వాటికి ఆనించి, ఊగి లేచి కూర్చోండి. అలిసిపోయిన చేతులు పక్కకు చాపి అక్కడి నుంచి వదిలేస్తే భుజం పట్టేస్తుంది.

## ఇంక్లైన్: కోణమే అసలు సంగతి

అప్పర్ చెస్ట్ ఖాళీగా ఉందని బాధపడేవాళ్లంతా ఇంక్లైన్ చేస్తారు. చాలామంది బెంచ్‌ను మరీ నిలబెట్టేస్తారు. 15 నుంచి 30 డిగ్రీల మధ్య ఛాతీ పైభాగానికి మంచి పని పడుతుంది. 45 దాటాక భారం భుజం ముందుభాగానికి జారిపోతుంది. అప్పుడు మీరు చేస్తున్నది దాదాపు షోల్డర్ ప్రెస్.

బెంచ్ మీది గాళ్లు చూసి కోణం ఊహించకండి. ఫోన్‌లో లెవెల్ చూపించే యాప్ తెరిచి, ఫోన్‌ను వీపు ఆనించే పలక మీద పెట్టి చూడండి. నేను రోజూ వాడే బెంచ్‌కు అలా పెట్టి చూస్తే, 30 అనుకుని నెలల పాటు చేసిన మూడో గాడి 52 చూపించింది. మొదటి గాడి 20 ఉంది. అప్పటి నుంచి మొదటి గాడిలోనే చేస్తున్నాను. సెట్ అయ్యాక బిగుసుకునేది భుజమా, కాలర్ బోన్ కింది కండా అన్నది కూడా ఆ వారంలోనే మారింది.

ఇంక్లైన్‌లో ఫ్లాట్ కంటే తక్కువ బరువే ఎత్తగలం. ఫ్లాట్ అంకెతో పోల్చుకుని బెంచ్ మీద నడుము ఎత్తేస్తే కోణం మళ్లీ ఫ్లాట్ అయిపోతుంది, ఇంక్లైన్ వేసిన లాభం ఉండదు. రాడ్‌తో చేస్తే కాలర్ బోన్‌కు కొద్దిగా కింద, ఛాతీ పైభాగంలో తాకించండి.

20, 30 డిగ్రీల మధ్య డంబెల్స్‌తో చేస్తే ఛాతీ పైభాగంతో పాటు మధ్య భాగానికీ సరిపడా పని పడుతుంది. ఒకే ఒక్క రకం ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

## డిక్లైన్

కింది ఛాతీకని చేస్తారు. ఫ్లాట్ ప్రెస్, డిప్స్ చేసేవాళ్లకు ఆ భాగం ఎలాగూ పెరుగుతుంది. రాడ్ ప్రయాణించే దూరం తక్కువ, తల కిందికి ఉంటుంది. బీపీ ఉన్నవాళ్లు, కళ్లలో ప్రెషర్ ఉన్నవాళ్లు దీన్ని వదిలేయడమే మంచిది. ఫ్లాట్‌లో భుజం నొప్పి పెట్టి, కొద్దిపాటి డిక్లైన్‌లో పెట్టకపోతే అప్పుడు మాత్రం పనికొస్తుంది.

## స్మిత్ మెషిన్, చెస్ట్ ప్రెస్ మెషిన్

మెషిన్ మీద చేసేది అసలు వ్యాయామం కాదన్న మాట జిమ్‌లో ఎక్కడో అక్కడ వినపడుతూనే ఉంటుంది. ఛాతీకి ఆ తేడా తెలియదు. రాడ్, డంబెల్స్ లాంటి ఫ్రీ వెయిట్స్‌తో చేసినవాళ్లను, మెషిన్లతో చేసినవాళ్లను పోల్చిన పరిశోధనల్లో కండ పెరుగుదలలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. బ్యాలెన్స్ చేసే పని లేకపోవడం వల్ల భయం లేకుండా చివరి రెప్ దాకా వెళ్లగలగడం మెషిన్ల బలం. అవసరమైతే బరువు అందుకోవడానికి పక్కన నిలబడే మనిషి (స్పాటర్) లేనివాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

స్మిత్ మెషిన్‌లో రాడ్ రెండు పక్కలా పట్టాలకు బిగించి ఉండి ఒకే గీతలో నడుస్తుంది కాబట్టి బెంచ్‌ను సరైన చోట పెట్టడంలోనే అంతా ఉంది. ఖాళీ రాడ్ దించి ఎక్కడ తాకుతోందో చూసుకుని, అంగుళం అటూ ఇటూ జరిపాకే ప్లేట్లు వేయండి. ఒక్కో స్మిత్ రాడ్ బరువు ఒక్కోలా ఉంటుంది, కొన్నిటికి లోపల ఎదురు బరువులు ఉంటాయి. అందుకని ఒక జిమ్ అంకెను ఇంకో జిమ్‌లో పోల్చుకోవద్దు.

చెస్ట్ ప్రెస్ మెషిన్‌లో హ్యాండిల్స్ ఛాతీ మధ్య ఎత్తుకు వచ్చేలా సీటు పెట్టుకోండి. హ్యాండిల్స్ వెనక్కి ఎంతవరకు వస్తాయో కూడా చూడండి. కొన్ని మెషిన్లలో ఛాతీ సాగకముందే బరువు కింద ఆనిపోతుంది. అలాంటి మెషిన్ ఎంత కొత్తదైనా మీకు ఉపయోగం తక్కువ.

## మిగతావి

రాడ్‌ను దగ్గరగా పట్టుకుని చేసే క్లోజ్ గ్రిప్ మంచి వ్యాయామమే, కానీ అది ట్రైసెప్స్ కోసం. నేల మీద పడుకుని చేసే ఫ్లోర్ ప్రెస్‌లో మోచేతులు నేలకు ఆనగానే ఆగిపోతాం. భుజానికి హాయి, ఇంట్లో బెంచ్ లేనివారికి అందుబాటు, కానీ ఛాతీ పూర్తిగా సాగదు. రాడ్‌ను మెడ మీదికి దించే గిలటీన్ ప్రెస్ ఛాతీని బాగా లాగుతుందని కొందరు చెబుతారు. భుజానికీ మెడకూ ఉన్న ప్రమాదం చూస్తే నేను ఎవరికీ చెప్పను. పుషప్స్‌ను తక్కువగా చూడొద్దు. మామూలు పుషప్‌లో ఒంటి బరువులో సుమారు మూడింట రెండు వంతులు చేతుల మీద పడుతుంది. హ్యాండిల్స్ మీద చేతులు పెట్టి ఛాతీని వాటి మధ్యకు దించితే, బ్యాగులో కాస్త బరువు వేసుకుంటే, ఇంట్లోనే చాలా దూరం వెళ్లవచ్చు.

## ఒక్క చూపులో

| రకం | ఛాతీ సాగడం | ముందు అలిసేది | బరువు పెంచడం | భుజానికి | ఒంటరిగా చేస్తే |
|---|---|---|---|---|---|
| ఫ్లాట్ బార్‌బెల్ | బాగుంది | మనిషిని బట్టి, తరచుగా ట్రైసెప్స్ | చాలా తేలిక | కొందరికి ఇబ్బంది | సేఫ్టీ పిన్నులు ఉంటేనే |
| ఫ్లాట్ డంబెల్స్ | చాలా బాగుంది | ఎక్కువగా ఛాతీ | మెట్లు పెద్దవి | హాయి | ఫర్వాలేదు |
| ఇంక్లైన్ డంబెల్స్, 20–30 డిగ్రీలు | చాలా బాగుంది | ఛాతీ పైభాగం | మెట్లు పెద్దవి | హాయి | ఫర్వాలేదు |
| ఇంక్లైన్ బార్‌బెల్ | బాగుంది | ఛాతీ, భుజం ముందుభాగం | తేలిక | కోణాన్ని బట్టి | సేఫ్టీ పిన్నులు ఉంటేనే |
| డిక్లైన్ | తక్కువ | ఛాతీ, ట్రైసెప్స్ | తేలిక | చాలామందికి హాయి | వద్దు |
| స్మిత్ | బాగుంది | ఛాతీ లేదా ట్రైసెప్స్ | తేలిక | బెంచ్ పెట్టే చోటును బట్టి | హుక్స్, స్టాపర్లు ఉంటాయి |
| చెస్ట్ ప్రెస్ మెషిన్ | మెషిన్‌ను బట్టి | ఎక్కువగా ఛాతీ | తేలిక | సాధారణంగా హాయి | భయం లేదు |
| ఫ్లోర్ ప్రెస్ | తక్కువ | ట్రైసెప్స్ | తేలిక | చాలా హాయి | డంబెల్స్‌తో ఫర్వాలేదు |

## మీ పరిస్థితి ఏది?

జిమ్‌లో చేరి రెండు మూడు నెలలే అయిందంటే టేబుల్ అంతా మర్చిపోండి. ఫ్లాట్ బార్‌బెల్ గానీ, చెస్ట్ ప్రెస్ మెషిన్ గానీ ఏదో ఒకటి పట్టుకుని, దానితో పాటు తక్కువ కోణంలో ఇంక్లైన్ డంబెల్స్ చేయండి. ఈ దశలో ఏది చేసినా పెరుగుతుంది. రకాలు మారుస్తూ పోతే ఏదీ నేర్చుకోలేరు. ఖాళీ రాడ్ కూడా బరువనిపిస్తే సిగ్గుపడాల్సిన పని లేదు, 15 కిలోల రాడ్ ఉందేమో అడగండి, లేదంటే మెషిన్‌తో మొదలుపెట్టండి.

ఏడాది పైగా చేస్తున్నా ఛాతీ రానివాళ్లకు, అంటే ఒకప్పటి నాలాంటివాళ్లకు, డంబెల్స్‌ను సెషన్‌లో మొదటి వ్యాయామంగా పెట్టమని గట్టిగా చెబుతాను. ఓపిక ఉన్నప్పుడు ఛాతీకి సూటిగా తగిలేది చేయాలి. రాడ్ మీద మమకారం ఉంటే రెండోదిగా ఉంచుకోండి. అంకె కాస్త తగ్గుతుంది, తగ్గనివ్వండి.

భుజం ముందుభాగంలో నొప్పి ఉన్నవాళ్లు రాడ్‌ను కొన్ని వారాలు పక్కన పెట్టి, అరచేతులు ఒకదానికొకటి కాస్త ఎదురుగా తిరిగేలా డంబెల్స్ పట్టుకుని చూడండి. అదీ నొప్పి పెడితే ఫ్లోర్ ప్రెస్, మెషిన్ ప్రయత్నించండి. రాత్రి నిద్రలో కూడా నొప్పి లేపుతుంటే గ్రిప్ మార్చి సర్దుకుపోయే విషయం కాదు, ఫిజియోథెరపిస్ట్‌ను కలవండి.

పవర్‌లిఫ్టింగ్ పోటీకి వెళ్లాలనుకునేవారికి ఫ్లాట్ బార్‌బెల్ తప్పదు. పోటీలో చేసేది అదే. వాళ్లకు డంబెల్స్, మెషిన్ తోడుగా ఉండాలి.

## వారంలో ఎంత, ఎన్నాళ్లు

ఛాతీకి వారానికి మొత్తం 10 నుంచి 20 సెట్లు చాలామందికి సరిపోతాయి. కొత్తవాళ్లకు అంతకంటే తక్కువైనా చాలు. ఒకే రోజు అన్నీ కుక్కకుండా రెండు రోజులకు పంచితే ప్రతి సెట్‌లో దమ్ము ఉంటుంది. నేను సోమవారం ఇంక్లైన్ డంబెల్స్ 4 సెట్లు, చెస్ట్ ప్రెస్ మెషిన్ 3 సెట్లు చేస్తాను. గురువారం ఫ్లాట్ బార్‌బెల్ 4 సెట్లు, కిందికి బాగా దిగే పుషప్స్ 2 సెట్లు. రాడ్‌తో 6 నుంచి 10 రెప్స్, డంబెల్స్‌తో 8 నుంచి 13, మెషిన్‌తో 15 దాకా. ఇంకో ఒకటి రెండు రెప్స్ మాత్రమే మిగిలి ఉన్నాయనిపించే దాకా వెళ్లడం ముఖ్యం. సెట్‌కూ సెట్‌కూ మధ్య రెండు మూడు నిమిషాలు ఆగండి. తొందరపడితే ఊపిరి అందక సెట్ ఆగుతుంది, ఛాతీ అలిసి కాదు.

ఎంచుకున్న రకాన్ని కనీసం 8 వారాలు వదలొద్దు. ఒక చిన్న నోట్‌బుక్‌లో ప్రతి సెట్‌కు మూడు గడులు పెట్టుకోండి: బరువు, రెప్స్, ముందు ఆగింది ఏది. ఎనిమిది వారాల తర్వాత మూడో గడిని పై నుంచి కిందికి చదవండి. వరసగా 'చేతులు' అని కనిపిస్తే గ్రిప్ కాస్త వెడల్పు చేయండి, లేదా డంబెల్స్‌కు మారండి. 'భుజం' అని కనిపిస్తే బెంచ్ కోణం ఒక గాడి దించండి. 'ఛాతీ' అని ఉండి, పక్క గడిలో రెప్స్ మెల్లగానైనా పెరుగుతుంటే, ఎవరు ఏ కొత్త రకం గురించి చెప్పినా ఇంకో ఎనిమిది వారాలు దాన్ని కదపకండి.